మన నాటకం మన ఊర్లో, మన మాటలో ఆడాలి

తిరుపతిలో ఒక చిన్న నాటక సమాజం ఈసారి పరిషత్తులకి, అంటే నాటక పోటీలకి, ఎంట్రీలు పంపడం మానేసి సొంతూర్లోనే సీజన్ పెట్టుకుంది. నాలుగు నాటకాలు, ఒక్కోటి మూడు నాలుగు శనివారాలు, అదీ టికెట్ పెట్టి. నాటకాలోళ్ళలో సగంమంది ఇది చేతులు కాల్చుకునే పని అంటా ఉన్నారు. నేనైతే చాలా ఏళ్ళ తర్వాత ఈ ఊర్లో నాటకానికి జరిగిన మంచి పని ఇదే అంటాను, మిగతా సమాజాలు కూడా ఇదే దోవ పట్టాలని గట్టిగా కోరుకుంటా ఉన్నాను.

పరిషత్తు సంగతి నాటకాలు చూసేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. గంటలోపు నాటిక, ముందు వరసలో న్యాయనిర్ణేతలు, చివర్లో ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ నటుడు, రచన, ఆహార్యం, రంగాలంకరణ అని బహుమతులు. ఎక్కువ పరిషత్తులు గుంటూరు, కృష్ణా, గోదావరి వైపే కాబట్టి మనోళ్ళు సెట్టు సామానంతా మోసుకుని రాత్రంతా ప్రయాణం చేసి, ఒక్క ఆట ఆడి, మొహాన రంగు సరిగ్గా పోకముందే తిరుగు రైలెక్కాలి. ఆ నాటిక సొంతూరోళ్ళు చూసేది తక్కువ. దానికన్నా బాధ ఏందంటే రాసేటప్పుడే రచయితకి జడ్జి గుర్తొస్తాడు. అందుకే ముప్పావుగంట దాటిందంటే ఎవరో ఒకరు స్టేజీ మధ్యకొచ్చి గుండెలు బాదుకుంటా పేజీ డైలాగు చెప్పాల్సిందే, లైటు ఎర్రగా మారాల్సిందే. కథకి ఆ ఏడుపు అవసరమా లేదా అని ఎవరూ అడగరు.

సీజన్లో జరిగేది వేరే. అదే నాటకాన్ని అదే ఊర్లో నాలుగోసారి ఆడేటప్పటికి జనం ఎక్కడ ఊపిరి బిగబట్టారు, ఎక్కడ సెల్‌ఫోన్ బయటికి తీశారు అనేది నటుడికి ఒంటికి తెలిసిపోతుంది. పోయిన వారం చప్పగా పడిన సీను రచయిత మంగళవారం కూర్చుని మార్చుకోవచ్చు, శనివారం మళ్ళీ ఆడి చూసుకోవచ్చు. కన్యాశుల్కం ఎట్లా తయారైంది? 1892లో విజయనగరంలో, గురజాడ ఉండే ఊర్లోనే ఆడారు, 1897లో అచ్చయింది, అది చాలదని ఆయన మళ్ళీ పట్టుబట్టి దాదాపు కొత్త నాటకంలాగా తిరగరాసి 1909లో అచ్చు వేశాడు. ఇప్పుడు మనం నెత్తిన పెట్టుకునేది ఆ రెండోదాన్నే. మన నాటికలకి ఆ రెండో అవకాశం ఏదీ? కప్పు వస్తే అటక మీదికి, రాకపోయినా అటక మీదికే.

పరిషత్తులే లేకపోతే తెలుగు నాటకం ఎప్పుడో పోయుండేది అనేవాళ్ళు ఉన్నారు, ఆ మాట నిజమే, సొంత డబ్బులు పెట్టి వాటిని నడిపిన పెద్దలకి దండం పెట్టాలి. కానీ టికెట్ పెడితే జనం రారు అంటారే, అది మాత్రం నేను ఒప్పుకోను.

ఎందుకంటే ఇది వేషం తెలిసిన నేల. గంగమ్మ జాతర వచ్చిందంటే బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకొక వేషంతో ఊరే స్టేజీ అయిపోతుంది, మగోళ్ళు చీర కట్టి, పూలు పెట్టుకుని, ఒళ్ళంతా వేపాకుతో నడిచొస్తా ఉంటే ఎవరికీ వింతగా ఉండదు. ఇక చిత్తూరు పల్లెల్లో భారతం తిరునాళ్ళ సంగతి చెప్పాలా? పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, రోజుల తరబడి. అర్జునుడి వేషగాడు పద్యం పాడుకుంటా తపస్సు మాను అనే పొడుగాటి స్తంభం ఎక్కుతాడు, పైనుంచి నిమ్మకాయలు, విభూతి విసురుతాడు, బిడ్డలు కావాలని మొక్కుకున్న ఆడోళ్ళు కింద కొంగు పట్టుకుని నిలబడతారు. చివరి రోజు మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మ దగ్గర గదాయుద్ధం చూడ్డానికి చుట్టుపక్కల ఊర్లన్నీ ఎండలో నిలబడతాయి. ఈ జనానికి నాటకం పట్టదని ఎట్లా అంటాం? రేపల్లెలో పుట్టిన నాగయ్య చిత్తూరు నాగయ్య అయ్యింది కూడా సినిమాల వల్ల కాదు, చిత్తూరు రామవిలాస సభలో నాటకాలు ఆడినందుకే.

నాకు అసలు ఆశ ఇంకోచోట ఉంది, మన యాస. మన ఊరి నటుడు ఇంట్లో "యాడికి పోతా ఉండావు నాయనా" అంటాడు, స్టేజీ ఎక్కంగానే "ఎక్కడికెళ్తున్నావు నాన్నా" అయిపోతుంది. చిత్తూరు మాట వినపడిందంటే అది పనోడి పాత్రో, నవ్వించే పాత్రో. డాక్టరు, టీచరు, బిడ్డ చచ్చిపోయిన తల్లి మన మాటలో ఏడవరు. దీనికి కారణం నటుల చేతకానితనం అనను. ఎక్కడో ఉన్న పరిషత్తులో అందరికీ అర్థమవ్వాలనే భయం ఒకటి, ఆడవేషాలకి బయటి జిల్లాల నుంచి నటీమణుల్ని పిలిపించుకోవాల్సి రావడం ఇంకోటి. పాపం వాళ్ళు ఒకేసారి నాలుగైదు సమాజాలకి చేస్తా ఉంటారు, రిహార్సల్‌కి దొరికేది ఒకటి రెండు రోజులు, అంతలో మన పలుకు ఎట్లా పట్టుబడుతుంది? నామిని చిత్తూరు యాసలోనే కథలు రాస్తే రాష్ట్రమంతా చదివింది, ఎవరూ అర్థం కాలేదని పుస్తకం మూసెయ్యలేదు. కథకి దక్కిన ధైర్యం నాటకానికి ఎందుకు దక్కలేదంటే కథ ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చు, నాటకానికి ముందు సొంతూరి జనం ఎదురుగా కూర్చోవాలి.

సీజన్ ఉంటే రిహార్సల్ సాయంత్రం పూట ఊర్లోనే, ఉద్యోగం చేసుకునే ఆడోళ్ళు, మహిళా యూనివర్సిటీ పిల్లలు వచ్చి వేషం కట్టొచ్చు, రాత్రి ఎనిమిదికల్లా ఇల్లు చేరొచ్చు. అందుకే ఈ సమాజానికి నా విన్నపం ఒకటే, నాలుగో నాటకం ఇంకా ఖాయం చేసుకోలేదు అంటా ఉన్నారు కదా, అది పుత్తూరు మగ్గాల మీదో, పలమనేరు టమోటా రైతు మీదో, కొత్తగా ఇక్కడోళ్ళ చేతే రాయించండి, ఒక్క పాత్ర కూడా యాస మార్చుకోకుండా. హాళ్ళు చేతిలో ఉన్న పెద్దలు నెలకి రెండు శనివారాలు మహతి లాంటి మంచి హాలు తక్కువ బాడుగకి ఇయ్యండి. మనం టికెట్ కొందాం, పాస్ అడగొద్దు.