టెక్నికల్ హోల్డ్ గారికి ఒక పెన్షనరు విన్నపం

మహారాజశ్రీ టెక్నికల్ హోల్డ్ గారికి,

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక రిటైర్డ్ లెక్చరరు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. న్యూయార్క్‌లో, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో తమరు క్షేమమే అని వేరే అడగక్కర్లేదు. తమరికి ఏమైనా అవుతుందన్న భయం లోకంలో ఎవరికీ లేదు.

మనకు ముఖపరిచయం మొన్న శుక్రవారం అయింది, మా బ్యాంకులో, నాలుగో కౌంటర్ దగ్గర. పదకొండింటికి టోకెన్ తీసుకుంటే రెండున్నరకు పిలుపొచ్చింది. మధ్యలో స్టాఫ్ లంచ్, వాళ్లయ్యాక సర్వర్ లంచ్. కౌంటర్లో అమ్మాయి మంచిదే. స్క్రీన్ నావైపు తిప్పి మరీ చూపించింది. "అంకుల్, మీ అకౌంట్ హోల్డ్‌లో ఉంది."

ఎందుకమ్మా అంటే పేరు కలవలేదట. పాన్ కార్డులో నా ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, పేరుకు ముందు. ఆధార్‌లో నిండుగా, పేరుకు వెనక. ఇంటిపేరు ముందు పెట్టుకునే జాతిలో పుట్టడం నా పొరపాటే, ఒప్పుకుంటాను.

"ఈ నెల పెన్షన్ పడిందా తల్లీ?"

"పడింది అంకుల్. తీయడానికి లేదు."

"నేనెవరో మీ మేనేజరుకు తెలుసు కదమ్మా. వాళ్లబ్బాయికి పాఠం చెప్పాను."

"తెలుసంకుల్. కానీ ఇది పైనుంచి వచ్చిన రూలు. టెర్రరిస్టులకు డబ్బు చేరకుండా."

ఆ మాటకు వెనకాల టోకెన్ నంబర్ అరవై రెండు నన్ను పైనుంచి కిందికి ఓసారి చూశాడు.

ఇరవై తొమ్మిదేళ్లు ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్పినవాణ్ని. భద్రతా మండలిలో 15 మంది సభ్యులు, అందులో 5 శాశ్వతం, వారికి వీటో కలదు. ఇది నేను నిద్రలో కూడా చెప్పగలను. తమరి పేరు మాత్రం ఏ టెక్స్ట్ బుక్కులోనూ లేదు. వీటో వేసేవాడికి కనీసం చెయ్యెత్తాల్సిన బాధ ఉంది, నలుగురూ చూస్తారు, మర్నాడు పేపర్లో వస్తుంది. తమరికి అదీ లేదు. 1999లో పుట్టిన 1267 తీర్మానం కింద ఒక కమిటీ ఉంది, తలుపులేసుకుని పనిచేస్తుంది, పదిహేను మందీ ఒక్కమాట మీద ఉంటేనే ఒకణ్ని ఉగ్రవాదుల జాబితాలో పెట్టి వాడి డబ్బు ఆపుతుంది. ఒక్కరు "ఆగండి" అని చీటీ పంపితే చాలు, ఆరు నెలలు ఆగుతుంది. ఆ చీటీయే తమరు. ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. ఎందుకు ఆగాలో బయటివాళ్లకు చెప్పక్కర్లేదు. మా బ్యాంకమ్మాయి నయం, పొడి అక్షరమని కారణమైనా చెప్పింది.

పాకిస్తాన్ ఉగ్రవాది మసూద్ అజర్ సంగతి తమరికి గుర్తు చేయడం అంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులే. అయినా చెబుతాను, నాకు కడుపు మండుతోంది కాబట్టి. 1994లో పోర్చుగల్ పాస్‌పోర్టు పట్టుకుని ఢిల్లీలో దిగాడు. ఇంటిపేరు ముందా వెనకా అని ఏ కౌంటర్లోనూ ఎవరూ అడిగినట్టు లేదు. అనంతనాగ్ దగ్గర దొరికాడు. 1999 డిసెంబరు 31న కాందహార్‌లో, హైజాకైన విమానంలోని ప్రయాణికుల ప్రాణాలకు బదులుగా, మనమే తీసుకెళ్లి అప్పగించాం. మరుసటి ఏడే జైషే మహమ్మద్ అనే ఉగ్రవాద సంస్థ పెట్టాడు. ఆ సంస్థను 2001లోనే మీ జాబితాలో పెట్టారు. పెట్టినవాణ్ని మాత్రం పెట్టలేదు. దుకాణానికి సీలు వేసి, ఓనరుకు ఎదురుగా కుర్చీ వేసి టీ తెప్పించినట్టు.

అతణ్ని జాబితాలో పెట్టమని 2009లో అడిగాం, చైనా కాదంది. పఠాన్‌కోట్ దాడి అయ్యాక 2016లో మళ్లీ అడిగాం. పద్నాలుగు దేశాలు సరేనంటే పదిహేనోదైన చైనా తమరిని పంపింది. ఆర్నెల్లకు పొడిగించింది, ఏడాది చివర్లో తిప్పికొట్టింది. 2017లో మనం కాదు, అమెరికా అడిగింది, బ్రిటన్, ఫ్రాన్స్ పక్కన నిలబడ్డాయి. అప్పుడూ తమరే. పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయిన నెల రోజులకు, 2019 మార్చి 13న, మళ్లీ తమరే. చివరికి మే 1న చల్లగా తప్పుకున్నారు. మధ్యలో పదేళ్లు.

నాకు ఒక్క అక్షరం తేడా వచ్చిందని హోల్డ్. అతనికి పద్నాలుగు దేశాలు ఏకమైనా హోల్డ్. మాట ఒక్కటే. నామీద పడితే డబ్బు ఆగింది. అతనిమీద పడితే డబ్బు ఆపడం ఆగింది. ఏ వ్యాకరణం అండీ ఇది?

మీ ఇంట్లో తక్కిన వారిని కూడా అడిగానని చెప్పండి. ఉగ్రవాదం అంటే ఏమిటో నిర్వచించి ఒక ఒప్పందం రాసుకుందామని మన దేశం 1996లో ముసాయిదా ఇచ్చింది. ఇంకా నిర్వచనం దగ్గరే ఉన్నారు. మా పిల్లలు దానికి రెండు మార్కుల జవాబు అయిదు నిమిషాల్లో రాసేవారు. పహల్గాంలో 26 మందిని చంపితే మండలి ఖండించింది, చాలా ఘాటుగానే, ఎవరు చంపారో పేరు ఎత్తకుండా. ఆ పేరు తీయించింది మేమేనని పాకిస్తాన్ మంత్రి వాళ్ల పార్లమెంటులో చెప్పుకున్నాడు. ఆ తర్వాత రెండు నెలలైనా తిరక్కుండానే మండలి ఉగ్రవాద వ్యతిరేక కమిటీలో ఆ దేశానికి ఉపాధ్యక్ష కుర్చీ వేశారు. దీనిమీద నేనేమీ అనను. బీపీ బిళ్ల వేసుకుని రాస్తున్నాను.

ఇంతవరకు మర్యాదగానే రాశాను కదా. ఇప్పుడు ఒకటి అడుగుతాను.

2013 ఫిబ్రవరి 21, గురువారం. మా ఇంటికి నాలుగు సందుల అవతల 107 బస్టాపు. సాయంత్రం ఏడవుతోంది. మా అమ్మాయి ట్యూషన్ నుంచి ఆ దారినే రావాలి. చప్పుడుకు మా వంటింట్లో గిన్నెల స్టాండు కదిలింది. సిలిండరు పేలిందనుకున్నాను. రెండోది పేలాక అనుకోలేదు. పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి రోడ్డు నిండా చెప్పులు. మిర్చి బజ్జీల సెంటర్ దగ్గర ఎవరిదో టిఫిన్ బాక్సు, మూత రాలేదు, అలాగే ఉంది. మా పిల్ల ఆ రోజు స్నేహితురాలి ఇంట్లో ఆగిపోయి బతికింది. 18 మంది ఇళ్లలో అలా జరగలేదు.

ఆ కేసులో అయిదుగురికి 2016లో కోర్టు ఉరిశిక్ష వేసింది, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు ఖాయం చేసింది. మన పోలీసులు, మన కోర్టులు, ఆలస్యంగానైనా, చేతికి అందినంత వరకు చేశారు. మొదటి నిందితుడు రియాజ్ భత్కల్ మాత్రం కాగితాల్లో "పరారీ". సరిహద్దు వరకు మన చెయ్యి. అవతల నుంచి "అంతర్జాతీయ సహకారం" అనే పెద్దమనిషి చూసుకుంటాడట. ఆయనా మీ వేలువిడిచిన తమ్ముడే కదా. ఏం చూసుకుంటున్నాడు? ఆ బస్టాపులో నిలబడ్డవాళ్లు ఏ ఫారం నింపలేదని చచ్చిపోయారు? సిగ్గు లేదా మీకు?

మన్నించండి. మా ఆవిడ లోపలి నుంచి "ఎవర్నండీ అంతలా అరుస్తున్నారు" అంటోంది. ఉత్తరం రాస్తున్నానంటే నమ్మడం లేదు.

సోమవారం మళ్లీ బ్యాంకుకు రమ్మన్నారు. రెండు సెట్ల జిరాక్సులు, ఒక గెజిటెడ్ సంతకం, ఇద్దరు మనుషులూ ఒకరేనని పది రూపాయల... కాదు, ఇప్పుడు వంద రూపాయల స్టాంపు పేపరు మీద నేనే నా గురించి అఫిడవిట్. వెళ్తాను. ఉగ్రవాదం మీద పోరులో నా వంతు అది.

ఇట్లు
పాన్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉన్న
తమ విధేయుడు

తా.క.: ముంబై దాడుల తర్వాత మీ జాబితాకెక్కిన హఫీజ్ సయీద్ కూడా నాలాగే రిటైర్డ్ లెక్చరరు. ఖాతా స్తంభించి ఇల్లు గడవడం లేదంటే, నెలకు లక్షన్నర పాకిస్తానీ రూపాయలు తీసుకోనిమ్మని 2019లో వాళ్ల ప్రభుత్వం మీకు ఉత్తరం రాసింది. ఆగస్టు 15 గడువులోగా ఎవరూ అడ్డు చెప్పలేదు కాబట్టి మంజూరైంది. మౌనం అర్ధాంగీకారం అన్నారు మా పెద్దలు, మీ దగ్గర పూర్తి అంగీకారమని నాకు తెలియదు. ఆ దరఖాస్తు నమూనా ఒక కాపీ పంపించగలరు. నాకు లక్షన్నర వద్దు. గ్యాసుకు, మందులకు సరిపడా చాలు. అవీ నా డబ్బులే.