తాళం వేసిన ఇళ్లను దాటిపోవద్దు

ఫిబ్రవరిలో ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లోకి వెళితే వీధుల వెంట వరసగా తాళాలే కనిపిస్తాయి. అరుగుల మీద ముసలివాళ్లు, వాళ్ల దగ్గర వదిలిపెట్టిన ఒకరిద్దరు పిల్లలు. మిగతా కుటుంబమంతా మూటాముల్లె కట్టుకుని గుంటూరు, పల్నాడు వైపు మిరపకోతలకు పోయి ఉంటుంది. చేలగట్ల మీద వేసుకున్న టార్పాలిన్ పట్టాల కిందే వాళ్ల కాపురం. అదే నెలలో పెద్దపల్లి దగ్గర, హైదరాబాద్ శివార్లలో ఇటుక బట్టీల మంట ముందు ఒడిశాలోని బలంగీర్, నువాపడ కూలీలు ఉంటారు. పాలమూరు మేస్త్రీలు ముంబయి, పుణే నగరాల్లో గోడలు లేపుతుంటారు. శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్ రేవుల్లో పడవలెక్కి ఉంటారు. సరిగ్గా ఆ నెలలోనే దేశం తన జనాన్ని లెక్కపెట్టబోతోంది. 2027 మార్చి 1, సున్నా గంటలకు భారతదేశంలో ఎందరున్నారన్నది తేల్చాలని ముహూర్తం పెట్టుకున్నాం. మంచు కప్పే లద్దాఖ్, జమ్మూకశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ ప్రాంతాలకు మాత్రం ఆ ముహూర్తం 2026 అక్టోబరు 1.

మంచు పడే చోటికి కాలాన్ని బట్టి తేదీ మార్చారు. అది సబబే. వలసపోయే పల్లెకు మాత్రం అలాంటి వెసులుబాటు లేదు. తేదీ మార్చలేం కనుక, కనీసం పద్ధతినైనా ఆ పల్లెకు తగ్గట్టు సిద్ధం చేయాలన్నది మా మాట.

1881 ఫిబ్రవరి 17న దేశమంతటా ఒకేసారి జరిగిన మొదటి లెక్క నుంచి 2011 దాకా పదేళ్లకోసారి జనగణన తప్పలేదు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1941లోనూ లెక్క జరిగింది, పట్టికలు మాత్రం కుదించారు. 2021లో రావాల్సింది కోవిడ్‌తో మొదలు వాయిదా పడి, ఆ తర్వాత వాయిదాల మీద వాయిదాలతో పదహారేళ్ల ఎడానికి చేరింది. 2025 జూన్ 16న నోటిఫికేషన్ వచ్చింది. దాదాపు 30 లక్షల మంది సిబ్బంది, రూ.11,718 కోట్ల ఖర్చు, మొదటిసారి కాగితం బదులు మొబైల్ యాప్. ముందు ఇళ్ల లెక్క, ఆ తర్వాత మనుషుల లెక్క. హంగుకు లోటు లేదు. మా చింతంతా తలుపు దగ్గర ఏం జరుగుతుందన్నదే.

ఇంటింటికీ తిరిగి లెక్క రాసుకునే ఎన్యూమరేటర్ చాలాచోట్ల మనకు తెలిసిన పంతులుగారో, టీచరమ్మో. ఒక్కొక్కరికి ఏడెనిమిది వందల మంది ఉండే బ్లాకు అప్పగిస్తారు. ఇల్లంటే నాలుగు గోడలు కాదు, కుటుంబమంటే రక్తసంబంధమే కాదు; ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లంతా ఒక కుటుంబం. అన్నదమ్ములు ఒకే కప్పు కింద ఉన్నా పొయ్యిలు వేరైతే రెండు కుటుంబాలే. గడపలో నిలబడి ‘ఇంట్లో ఎందరమ్మా?’ అని అడిగితే వచ్చే మొదటి జవాబు చాలాసార్లు తప్పే. నెల తిరగని పసిబిడ్డను ఇల్లాలు చెప్పదు, ఇంకా పేరు పెట్టలేదు కదా అనుకుంటుంది. పేరు లేకపోయినా ‘పాప’ అనో ‘బాబు’ అనో రాసుకోవాలి. అది తెలిసిన ఎన్యూమరేటర్ లోపలి ఉయ్యాల వైపు ఓ చూపు చూసి మళ్లీ అడుగుతుంది. తెలియని వాళ్లు తరువాతి గుమ్మానికి పోతారు.

వయసు సంగతీ అంతే. చదువు లేని పెద్దావిడను వయసెంతని అడిగితే ‘యాభయ్యో, అరవయ్యో రాసుకో నాయనా’ అంటుంది. అందుకే మన వయసుల పట్టికల్లో సున్నాతో, ఐదుతో ముగిసే అంకెల దగ్గర జనం గుట్టగా పోగుపడతారు. దీనికి విరుగుడుగా ఊరి జ్ఞాపకాల క్యాలెండర్ వాడమని సిబ్బందికి చెబుతారు. దివిసీమ ఉప్పెన నాటికి చంకలో పిల్లవా, బడికెళ్తున్నావా? రామారావు గెలిచిన ఏడాదికి పెళ్లయిందా? గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు మొదటి కాన్పా? 1977, 1983, 1986 అలా ఒక్కొక్కటీ మనిషి బతుకులోంచి బయటికొస్తాయి. యాప్ చేతికిచ్చి అరగంటలో ఇన్ని ఇళ్లు ముగించాలని తొందరపెడితే ఈ మాటలకు చోటుండదు. వృద్ధాప్య పింఛను ఎందరికి ఇవ్వాలో, ఏ ఊళ్లో ఎన్ని అంగన్‌వాడీలు కావాలో తేలేది ఈ ఓపిక మీదే.

ఇక వలసకూలీ లెక్క ఎక్కడ? నిబంధన స్పష్టంగానే ఉంది. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు గణన సాగింది. ఆ ఇరవై రోజుల్లో ఏ ఒక్క రోజైనా సొంతింట్లో ఉన్నవారిని అక్కడే రాయాలి. మొత్తం ఇరవై రోజులూ బయటే ఉన్నవారిని ఎక్కడ దొరికితే అక్కడ రాయాలి. 28 రాత్రి బస్టాండ్లలో, ఫుట్‌పాత్‌ల మీద, గుళ్ల ముందు పడుకున్న ఇల్లు లేనివారిని లెక్కించారు. మార్చి 1 నుంచి 5 దాకా మళ్లీ తిరిగి, అర్ధరాత్రికి ముందు పుట్టినవారిని చేర్చి, పోయినవారిని తీసేశారు. అంటే జనవరిలో కోసిగి నుంచి కదిలి ఏప్రిల్‌లో తిరిగొచ్చే కుటుంబాన్ని మిరపచేను గట్టు మీదే రాయాలి. కానీ ఊళ్లో పంతులు ‘వాళ్లు గుంటూరులో ఉన్నారు, అక్కడ రాస్తారు’ అనుకుంటారు. గుంటూరు పంతులు ‘వీళ్లు మా ఊరివాళ్లు కాదు, వాళ్ల ఊళ్లో రాసే ఉంటారు’ అనుకుంటారు. ఇద్దరిదీ తప్పనలేం. ఇద్దరి మధ్యా ఒక కుటుంబం మాత్రం జారిపోతుంది.

ఇది మా ఊహ కాదు. లెక్క ముగిశాక కొన్ని బ్లాకులను ఎంచుకుని వేరే సిబ్బందితో మళ్లీ లెక్కపెట్టి, రెండింటినీ పేరుపేరునా సరిపోల్చి చూస్తారు. 2011 లెక్కకు అలా చేసిన పరీక్షలో వెయ్యికి నికరంగా 23 మంది తప్పిపోయారని తేలింది. 2001లోనూ దాదాపు అంతే. 121 కోట్ల దేశంలో వెయ్యికి 23 అంటే 2.8 కోట్ల మంది. ఆనాటి హర్యానా రాష్ట్ర జనాభా రెండున్నర కోట్లు. ఒక రాష్ట్రమంత జనం మన లెక్కల్లో లేకుండా బతికారన్నమాట. ఇంత పెద్ద దేశంలో ఆ మాత్రం తప్పు సహజమేనని నిపుణులు అనవచ్చు, ఇతర దేశాల లెక్కల్లోనూ తప్పిపోయేవాళ్లుంటారు కూడా. అయితే తప్పిపోయేది ఎవరన్నదే ప్రశ్న. గేటు ముందు పేరు పలక ఉన్న ఇల్లు తప్పిపోదు. చంటిబిడ్డ, అద్దె గదిలో నలుగురితో సర్దుకునే కుర్రాడు, టార్పాలిన్ కింది తల్లి తప్పిపోతారు.

తప్పిపోతే ఏమవుతుందో బియ్యం కార్డు చెబుతుంది. జాతీయ ఆహార భద్రత చట్టం గ్రామాల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం మందికి తిండిగింజలు ఇవ్వాలంది. 2011 జనాభా మీద లెక్కగట్టి 81.35 కోట్ల మంది అని పరిమితి పెట్టారు. ఆ తర్వాత పదిహేనేళ్లలో పుట్టిన పిల్లలు, కొత్తగా కాపురం పెట్టిన జంటలు ఎంతమందైనా ఆ గీత దాటలేదు. కొత్త కార్డు కోసం తిరిగే వాళ్లకు ‘కోటా లేదు’ అని చెప్పే గుమాస్తా ముందున్నది కూడా ఆ పాత అంకే. తెలుగు రాష్ట్రాలు సొంత డబ్బుతో అదనపు కార్డులు ఇచ్చుకుంటున్నాయి, అది వేరే సంగతి.

జనాభా మార్పును పట్టుకునే సూత్రం పిల్లలకు చెప్పేంత తేలిక. పాత లెక్కకు పుట్టినవాళ్లను కలిపి, పోయినవాళ్లను తీసి, వచ్చినవాళ్లను కలిపి, వెళ్లినవాళ్లను తీసేస్తే కొత్త లెక్క. ఈ నాలుగింటిలో ఏది బరువైందో బట్టి దేశం కథ మారుతుంది. 1911లో ఇప్పటి భారత భూభాగంలో 25.21 కోట్ల మంది ఉంటే 1921 నాటికి 25.13 కోట్లయ్యారు. పదేళ్లలో జనం పెరగకపోగా తగ్గారు. 1918 ఇన్‌ఫ్లుయెంజా ఎన్ని ఇళ్లను కూల్చిందో ఆ ఒక్క అంకె చెబుతుంది. ఆ తర్వాత ఏ దశాబ్దంలోనూ తగ్గలేదు, అందుకే 1921ని విభజన రేఖ అంటారు. దగ్గరికొస్తే, 2001–2011 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 11 శాతం పెరిగింది, దేశం సగటు 17.7 శాతం. అదే పదేళ్లలో పశ్చిమ గోదావరి జిల్లా 3.5 శాతం పెరిగితే రంగారెడ్డి జిల్లా 48 శాతం పెరిగింది. కాన్పుల్లో అంత తేడా ఎక్కడా ఉండదు. భీమవరం నుంచి బస్సెక్కి కూకట్‌పల్లిలో దిగిన వాళ్ల లెక్క అది.

ఇప్పుడు ఈ కథ ఇంకా మలుపు తిరిగింది. 2020లో కొన్ని ఊళ్లను, వార్డులను నమూనాగా తీసుకుని జనన మరణాలు నమోదు చేసిన లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఒక స్త్రీకి సగటున 1.5 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హత అన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. ఎక్కువ మందిని కనమని ముఖ్యమంత్రే చెప్పే కాలం వచ్చింది. భాష వైపు చూసినా అంతే. 2001లో దేశంలో మూడో స్థానంలో ఉన్న తెలుగు, 8.11 కోట్ల మందితో 2011లో నాలుగో స్థానానికి జరిగింది, మరాఠీ ముందుకెళ్లింది. మాట్లాడేవాళ్లు పెరిగారు గానీ ఇతరులతో సమంగా పెరగలేదు. పుణేలో, సూరత్‌లో, బళ్లారిలో ఉన్న తెలుగు కుటుంబం మాతృభాష గడిలో ఏం రాయిస్తుందన్నదీ ఇందులో ఒక పాయ. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు మన లెక్కలోకి రారు. జగిత్యాలలోనో కడపలోనో ఇంటిల్లిపాదీ చెప్పేటప్పుడు దుబాయిలో ఉన్న కొడుకును కలిపి చెప్పకూడదు.

లెక్క తగ్గితే లోక్‌సభలో మన సీట్లు తగ్గుతాయన్న భయం తెలుగువారిలో ఉంది. అది ఉత్తుత్తి భయం కాదు. రాష్ట్రాల మధ్య సీట్ల వాటా ఇప్పటికీ 1971 లెక్కల మీదే నిలిచి ఉంది, ఆంధ్రప్రదేశ్‌కు 25, తెలంగాణకు 17 దాని ఫలితమే. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలకు శిక్ష పడకూడదని మేమూ గట్టిగా అంటున్నాం. కానీ దానికి జవాబు పార్లమెంటులో వెతకాలి, గణన పుస్తకంలో కాదు. 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒక్కరోజు సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు జనం బస్సుల పైకప్పులు కూడా వదలకుండా ఊళ్లకు పరిగెత్తారు. ఇంట్లో లేకపోతే పథకాలు పోతాయన్న బెదురు అది. జనగణనకు అలా పరిగెత్తక్కర్లేదు, పరిగెత్తకూడదు కూడా. ఊళ్లో ఒకసారి, పనిచోట ఒకసారి రాయిస్తే రెండు లెక్కలూ చెడతాయి. ఎక్కడుంటే అక్కడే లెక్కిస్తారన్న మాట ప్రతి మేస్త్రీకి, ప్రతి బట్టీ యజమానికి ముందే చేరాలి.

కులం సంగతి కూడా ఈసారి తేలాలి. 1931 తర్వాత అన్ని కులాల అంకెలు జనగణనలో ప్రచురితం కాలేదు. 2011 సామాజిక ఆర్థిక సర్వేలో కులం పేరు ఎవరికి తోచినట్టు వారు చెప్పింది చెప్పినట్టు రాసుకుంటే 46 లక్షల పేర్లు వచ్చాయని కేంద్రమే సుప్రీంకోర్టుకు చెప్పింది, 1931లో అవి 4,147. ఇంటిపేరు, వృత్తి పేరు, గౌరవ పదం అన్నీ కులాలై కూర్చున్నాయి. తెలంగాణ 2024–25లో సొంతంగా చేసిన సర్వేలో మొదటి విడతలోనే మూడు శాతానికి పైగా ఇళ్లు మిగిలిపోతే మళ్లీ గడువివ్వాల్సి వచ్చింది. ఆ అనుభవాన్ని కేంద్రం అడిగి తీసుకోవాలి.

ఇచ్చిన సమాచారం ఎటు పోతుందోనన్న అనుమానం పేదల్లోనే ఎక్కువ. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఒక మనిషి చెప్పిన వివరాలను ఎవరూ తిరగేయడానికి లేదు, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లవు. ఈ ముక్కను గోడ మీద రాయాలి, మైకులో చెప్పాలి. ఒడియా వచ్చిన మనిషిని ఒక్కరినైనా బట్టీల దగ్గరికి పంపాలి.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను మేం అడిగేది పెద్దదేమీ కాదు. 2027 జనవరి నాటికి కర్నూలు జిల్లా యంత్రాంగం ఏ ఊరి నుంచి ఎన్ని కుటుంబాలు ఏ మండలానికి కోతలకు వెళ్లాయో మేస్త్రీల దగ్గర రాయించుకుని గుంటూరు, పల్నాడు యంత్రాంగాలకు పంపాలి. వాళ్లు ఆ గట్లను, ఆ గుడారాలను ముందుగానే ఏదో ఒక బ్లాకులో చేర్చి ఒక ఎన్యూమరేటర్ పేరు రాయాలి. చేలకు పగలు పోతే ఎవరూ దొరకరు, కోత ముగించి పొయ్యి వెలిగించే వేళకు వెళ్లాలి. ఆ సాయంత్రం పట్టా కింద ఎన్ని పొయ్యిలున్నాయో, ఒక్కో పొయ్యి చుట్టూ ఎందరున్నారో, చీర ఉయ్యాలలో ఎవరైనా నిద్రపోతున్నారేమో చూసి రాసుకుని రావాలి.