చిప్ లేదని ఎవరన్నారు?

రెండు వేల రూపాయల నోటులో చిప్ లేదని దేశమంతా నమ్మేసింది. ఆ తొందరపాటులో నేను మాత్రం లేను.

2016 నవంబరు 8 రాత్రి పాత నోట్లు రద్దయ్యాయి. కొత్త నోటు మన చేతికి రాకముందే దాని గుట్టు వాట్సాప్‌లోకి వచ్చేసింది. నానో జీపీఎస్ చిప్ అట. బ్యాటరీ అక్కర్లేదట. కట్టను భూమిలో 120 మీటర్ల లోతున పాతినా ఉపగ్రహం పసిగట్టేస్తుందట. కొన్ని టీవీ చానళ్ళు కూడా చెప్పాక ఇంక అనుమానం దేనికి? అలాంటిదేమీ లేదని రిజర్వ్ బ్యాంకు అన్నమాట నిజమే. పెట్టినవాళ్ళు పెట్టామని చెబుతారా?

120 మీటర్లంటే దాదాపు 400 అడుగులు. మా ఊళ్ళో అంత లోతుకు బోరు దింపినా నీటి చుక్క పైకి రాదు, చిప్ సిగ్నల్ మాత్రం వచ్చేస్తుంది. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో నా ముప్పై వేల ఫోనుకు ఒక్క గీత కూడా ఉండదు. అందుకే నాకు ఆ చిప్ అంటే గౌరవం. చదువుకున్నవాళ్ళు ఊరుకోరు కదా, జీపీఎస్ పరికరం ఉపగ్రహం చెప్పేది వినడమే తప్ప తిరిగి ఏమీ పంపదని వాదించారు. ఎదురు చెప్పకుండా వింటూ కూర్చునేదాన్ని గూఢచారి కాక ఇంకేమంటారు?

అసలు సాక్ష్యం నోటు వెనకే అచ్చేసి ఉంది. మంగళయాన్! డబ్బు మీద ఉపగ్రహం బొమ్మ ఊరికే వేస్తారా అండీ? ఆరు నెలలు పనిచేస్తే చాలని 2013లో పంపినది, అంగారకుడి చుట్టూ ఏడేళ్ళకు పైగా తిరిగింది. అంత ఓవర్‌టైమ్ ఎవరి కోసం? మన బీరువాలు చూడ్డానికి అంత దూరం పోవాలా అని అడగొద్దు. పక్కింటి గోడ మీంచి తొంగి చూస్తే దొరికిపోతాం. కోట్ల కిలోమీటర్ల అవతలి నుంచి చూస్తే అడిగేదెవరు?

ఇప్పుడు తేదీలు కలపండి. మంగళయాన్‌తో సంబంధం తెగిపోయిందని, ఇక అది కోలుకోదని ఇస్రో 2022 అక్టోబరులో ప్రకటించింది. 2023 మే 19న రెండు వేల నోటును వెనక్కి తీసుకుంటున్నామన్నారు. మధ్యలో ఏడున్నర నెలలు. రిపేరుకు ప్రయత్నించి ఉంటారు పాపం.

నోట్లలో నూటికి 98 తిరిగొచ్చాయి. 2025 మధ్య నాటికి కూడా దాదాపు 6 వేల కోట్ల రూపాయల విలువైనవి బయటే ఉన్నాయి. చిప్ ఉంటే అవెక్కడున్నాయో తెలియదా అని మా బావమరిది వెటకారం. అతనికి మా పెదనాన్న సంగతి తెలియదు.

పెదనాన్న అప్పుడే ఆ మెసేజ్ చదివి, నాలుగు నోట్లకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి, అటక మీది ఇత్తడి బిందెలో దాచి, మరచిపోయారు. మొన్న సంక్రాంతికి అటక దులుపుతుంటే బయటపడ్డాయి. ఇన్నేళ్ళలో ఆదాయపన్ను వాళ్ళు రాలేదు, రిజర్వ్ బ్యాంకు రాలేదు, పెద్దమ్మకు కూడా తెలియలేదు. చిప్ లేకపోతే ఆ ఫాయిల్ ఆపింది దేన్ని?

హైదరాబాదు రిజర్వ్ బ్యాంకు ఆఫీసులో ఇప్పటికీ మార్చుకోవచ్చు పెదనాన్నా అన్నాను. ఫాయిల్ విప్పితే దొరికిపోతామన్నారు. మంగళయాన్ ఎప్పుడో పోయింది కదా అంటే, చుట్టూ చూసి గొంతు తగ్గించారు.

"చంద్రయాన్ ఉందిగా."