ఒక కాయ తీగకే వదలాలి

విశాఖ మిద్దె తోటల్లో ఇప్పుడు వారసత్వ విత్తనాల పేరుతో, అంటే తరతరాలుగా గింజ తీసి దాచుకుంటూ వచ్చిన రకాలంటూ, వింత విత్తనాల మోజు నడుస్తోంది. నల్ల టమాటా, ఎర్ర బెండ, ఊదా మిర్చి, ఏదైనా సరే, పక్క డాబా మీద లేనిదై ఉండాలి. గుప్పెడు గింజలకు వందలు పోస్తున్నారు. నేనూ పోశాను కనుక వెక్కిరించే హక్కు నాకు లేదు.

మార్చిలో నాటిన బ్రాండీవైన్ అనే విదేశీ రకం టమాటా మనిషెత్తు పెరిగింది, ఒక్క పిందె నిలవలేదు. ఎరువు తక్కువై కాదు. రాత్రిళ్లు చల్లబడకపోతే టమాటా పుప్పొడి దెబ్బతిని పూత రాలుతుంది. మే నెలలో విశాఖ రాత్రి 27, 28 డిగ్రీలకు దిగడమే గొప్ప. ఆ గింజకు దసరా తరువాతే ఇక్కడ కాలం. నాటు పాదు చిక్కుడుదీ అంతే, పగలు కురచయితేనే పూస్తుంది. ఆషాఢంలో గింజ పెట్టి సంక్రాంతికి కాయ కోసిన పెద్దలకు ఆ లెక్క తెలుసు.

ఆకాకర మరీ గడుసుది. వానాకాలంలో ఏజెన్సీ నుంచి రైతుబజారుకు వస్తే ధర చూడకుండా కొంటాం. గింజ వేస్తే మొలవడానికి బెట్టు చేస్తుంది. మొలిచినా ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. పూసేదాకా తెలియదు. అన్నీ మగవైతే పందిరి నిండా పూలే, కూరకు కాయ ఉండదు. అందుకే తెలిసినవారు ఆడ తీగ దుంప అడిగి తెచ్చుకుంటారు.

అడిగి తెచ్చుకోవడం, అదే మనం మానేసింది. టమాటా, మిర్చి కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే కనుక పరాయి విత్తనమని నాకు పేచీ లేదు. పొట్లం కొని, కాయ తిని, మళ్లీ ఏడాది పొట్లమే కొంటే మాత్రం దానిని వారసత్వ విత్తనం అనడం హాస్యాస్పదం. టమాటా, చిక్కుడు చాలావరకు తమలో తామే పరాగ సంపర్కం జరుపుకుంటాయి కాబట్టి విత్తనం తీయడం తేలిక. ఆనప, బీర అలా కాదు. ఒకే జాతిలో రెండు రకాలు దగ్గరగా ఉంటే కీటకాలు కలిపేస్తాయి. విచ్చుకోబోయే ఆడ మొగ్గకూ మగ మొగ్గకూ గుడ్డ కట్టి, విచ్చాక చేత్తో పుప్పొడి అద్ది, మళ్లీ కట్టాలి. పుప్పొడి అద్దే వేళా తెలియాలి, బీర సాయంత్రం పూస్తుంది, నేతిబీర తెల్లవారి. ఆ కాయను తీగ మీదే ఎండనివ్వాలి. సముద్రపు తేమ గింజకు శత్రువు, బాగా ఆరబెట్టి బూడిద కలిపి గాలి చొరని సీసాలో పెట్టాలి.

సీతమ్మధార, ఎంవీపీ కాలనీ రైతుబజార్లలో ఆషాఢమంతా ఒక్క దుకాణం నాటు విత్తనాలకు కేటాయిస్తే ఖర్చేమీ కాదు. సొంత విత్తనాన్ని మార్చుకునే, బ్రాండు పేరు లేకుండా అమ్ముకునే హక్కు రైతుకు 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టమే ఇచ్చింది. ఒకే ఇంట్లో దాచిన విత్తనానికి భరోసా లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా పందిరిని ఎత్తుకుపోయినప్పుడు విత్తనానికి వదిలిన రెండు ఆనపకాయలూ దానితోనే పోయాయి. అంతకు ముందటేడు మధురవాడలోని మా చెల్లెలికి ఇచ్చిన గింజల సంతానమే మళ్లీ మా ఇంటికి వచ్చింది.