పక్క పన్ను

నిన్న సాయంత్రం జరిగింది ఇది. ఇంకా మండుతూనే ఉంది. చల్లారితే రాయబుద్ధి కాదని ఇప్పుడే రాసేస్తున్నాను.

పాలకొల్లులో నాకో చిన్న ఫొటో స్టూడియో ఉంది. మా వైపు పెళ్లి వీడియో అంటే తాళి కట్టడం అయిదు నిమిషాలు, విస్తట్లో వంటకాలు ఇరవై నిమిషాలు. ఒక్క పూతరేకు కనబడకపోయినా పెళ్లికూతురి మేనమామ ఫోన్ చేసి అడుగుతాడు. ఈ బాగోతమంతా ఎడిట్ చేయడానికి మూడేళ్ల కిందట ఓ వర్క్‌స్టేషన్ కొన్నాను. భీమవరం నుంచి టెక్నీషియన్ వచ్చి బిగించాడు. "ఒకటికి రెండు ఎస్‌ఎస్‌డీ డిస్కులు పెట్టానండి. రెయిడ్ వన్, మిర్రరింగు. దీంట్లో ఏం రాస్తే అచ్చం అదే దాంట్లోనూ పడుద్ది. ఒకటి పోయినా రెండోది ఉంటది. ఇంక మీరు గుండెల మీద చెయ్యేసుకుని పడుకోండి, ఆయ్" అన్నాడు.

పడుకున్నాను. వచ్చిన చిక్కల్లా అదే.

ఉగాది వెళ్లిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే స్క్రీన్ మూలన పసుప్పచ్చ గుర్తు ఒకటి లేచి 'డిగ్రేడెడ్' అనేది. అప్‌డేట్ అడుగుతోందేమోలే అని ఇంటూ గుర్తు నొక్కి పంపించేసేవాణ్ణి. మూడున్నర నెలలు అది రావడం, నేను నొక్కడం. నిన్న మా కుర్రాడు పక్కన నిలబడి మిగతా వాక్యం కూడా పైకి చదివాడు. అంతవరకూ దానికి మిగతా వాక్యం ఉందన్న సంగతే నేను చూసుకోలేదు. రెండు డిస్కుల్లో ఒకటి ఫెయిలైందట, పని మొత్తం రెండోదాని మీదే నడుస్తోందట. అంటే ఉగాది నుంచి మాది అద్దం కాదు, ఉత్త కిటికీ.

వేరే డిస్కులో కాపీ లేదా అంటారా? రెయిడ్ ఉంది కదండీ! పొరపాటున ఇందులో ఫైలు చెరిపేస్తే అందులోనూ బుద్ధిగా చెరిగిపోతుందని, దాన్ని బ్యాకప్ అనరని ఇప్పుడు అందరూ చెబుతున్నారు. ఈ అందరూ మూడేళ్లుగా ఎక్కడున్నారో.

అసలు ఆ పేరుతోనే పరువు పోయింది. కంగారులో వీధిలోకి వచ్చి టెక్నీషియన్‌కి ఫోన్ చేసి "మన రెయిడ్ దెబ్బతింది" అని అరిచాను. మా ప్రాంతంలో రెయిడ్ అంటే సంక్రాంతికి కోడిపందేల బరి మీద పోలీసులు పడేది ఒక్కటే. టీ కొట్టు దగ్గర నలుగురూ గ్లాసులు కింద పెట్టి నా వైపు చూశారు. 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు చవక డిస్కుల్ని గుంపుగా కట్టి వాడొచ్చని పేపరు రాసి దానికి ఈ పేరు పెట్టారు. వాళ్లు భీమవరం పక్క ఊళ్లో పుట్టి ఉంటే ఇంకో పేరు చూసుకునేవాళ్లు.

టెక్నీషియన్ ఎత్తలేదు. వారంటీ నంబరుకి చేశాను. హిందీకి ఒకటి, ఇంగ్లిష్‌కి రెండు, ఆపైన పాట. తెలుగు అయిదో ఆరో, ఆ వరస వచ్చేసరికి లైన్ తెగింది. డిస్కులు కొన్న షాపువాళ్లు మాత్రం తేలిగ్గా చెప్పారు: "పోయినదాన్ని తీసి పట్రండి, పైకి పంపుతాం." ఆ పోయినది ఏదో తెలిస్తే కదా.

డిస్కుల ఆరోగ్యం చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించాం. రెండు సీరియల్ నంబర్లూ వచ్చాయి. ముందున్నదంతా ఒకటే, తోక మాత్రం తేడా. ఒకటి 082, ఇంకోటి 085. ఫెయిలైంది 082. ఒకే అట్టపెట్టెలోంచి దిగిన అన్నదమ్ములన్నమాట. ఇది కూడా మంచిది కాదట. ఒకే రకం, ఒకే వయసు, రాత కూడా సమానంగా మోస్తాయి కాబట్టి అరుగుదలా సమానమే. 2019లో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ వాళ్లు ఓ ప్రకటన చేశారు: తమ సర్వర్లలోని కొన్ని రకాల ఎస్‌ఎస్‌డీలు ఫర్మ్‌వేర్‌లో, అంటే డిస్కుని లోపల్నుంచి నడిపే ప్రోగ్రాంలో, తప్పు వల్ల సరిగ్గా 32,768 గంటలు పనిచేసి ఆగిపోతాయని, ఈలోగా సరిచేసుకోమని. అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. ఒకే రోజు పని మొదలెట్టిన జంట అయితే ఒకే గంటలో పోతుంది. నా జంట మూడేళ్లది. ఇది చదివాక టెన్షన్ మొదలైంది. పాత హార్డ్ డిస్కయితే పోయేముందు టిక్కు టిక్కుమని నాలుగు రోజులు మూలిగేది. వీటికి ఆ మర్యాద కూడా లేదు.

కంప్యూటర్ ఆపి పక్క రేకు విప్పాం. రెండు డిస్కులూ లోపల ఒక మూల, ఒకదాని వెనక ఒకటి, డబుల్ సైడ్ టేపుతో అతికించి ఉన్నాయి. స్క్రూలు బిగించాల్సిన చోట టేపు! స్టిక్కర్ మనకి కనబడేలా పెడితే వాడి సొమ్మేం పోయేదో, అవతలి గోడ వైపు తిప్పి అతికించాడు. మధ్యలో రెండు వేళ్ల సందు. ఫోన్ దూరదు. లక్షల కెమెరాలు బీరువాలో పెట్టుకున్న నేను అగ్గిపెట్టెడు స్టిక్కర్‌ని ఫొటో తీయలేకపోయాను. పోనీ కేబుల్ పట్టుకుని వెళ్తే తెలుస్తుందా అంటే, సాఫ్ట్‌వేర్ పోర్టుల్ని 0, 1 అంటుంది, బోర్డు మీద 1, 2 అని అచ్చేసి ఉంది. వాటిలో ఒకటి ఎవరి ఒకటో దేవుడికే తెలియాలి.

"పైన డాక్టరు గారి దగ్గర కాడకి అద్దం ఉంటది కదండి" అన్నాడు కుర్రాడు.

మా పైఅంతస్తులో పళ్ల డాక్టరు గారి క్లినిక్. అద్దం ఒక్కటి అరువడిగితే ఆయనే దిగి వచ్చారు. ఆషాఢం వాన, పేషెంట్లు లేరు. తెల్లకోటు, నుదుటికి లైటు, చేతికి తొడుగులు, వెనక ట్రే పట్టుకుని ఆయన అసిస్టెంటు. పీట లాక్కుని క్యాబినెట్ ముందు కూర్చుని "ఎప్పట్నుంచి?" అన్నారు.

"ఉగాది నుంచండి."

"ఇన్నాళ్లూ ఏం చేశారు?"

"ఇంటూ గుర్తు నొక్కానండి."

"అందరూ ఇంతే. లవంగం పెట్టుకుని ఊరుకుంటారు. వాచాక పరిగెత్తుకొస్తారు." లైటు వెలిగించి లోపలికి తొంగి చూశారు. "దుమ్ము బాగా పట్టింది. క్లీనింగ్ చేయించుకోవట్లేదా?"

నా నోరు నేనే మూసుకున్నాను.

"ఏది పీకాలి?"

"చివర సున్నా ఎనభై రెండు ఉన్నదండి."

"మాకూ నంబర్లుంటాయండీ. పైవరసలో కుడి జ్ఞానదంతం 18, ఎడమది 28. కాకపోతే కుడి అంటే పేషెంటు కుడి, నాకది ఎడమ. అందుకే ఒకటికి రెండుసార్లు చూసుకునిగాని పట్టుకారు పెట్టం. పక్క పన్ను పీకామనుకోండి, ఇంక ఈ ఊళ్లో ఉండక్కర్లేదు." ఈ మాట ఆయన ఎంత నిబ్బరంగా అన్నారంటే నాకు కాస్త ధైర్యం వచ్చింది.

అద్దం సందులోకి వెళ్లింది. ముందు కనబడ్డ డిస్కు దగ్గర ఆగింది. ఆవిరి పట్టింది. బయటకు తీశారు, తుడిచారు, మళ్లీ పెట్టారు. కుర్రాడు ఫోన్ లైటు వేశాడు. మా గోడగడియారం చప్పుడు వినబడింది. అది చప్పుడు చేస్తుందని నాకు నిన్ననే తెలిసింది.

"రెండు... ఎనిమిది... సున్నా" అన్నారు.

ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. మా ఇంట్లో 280 లేడు.

కుర్రాడికి బల్బు వెలిగింది. "అద్దం కదండి! తిరగేసి చదవాలి. సున్నా, ఎనిమిది, రెండు. ఎనభై రెండే!"

"శభాష్" అన్నారు డాక్టరు గారు. వాడి భుజం తట్టారు. నేనూ తట్టాను. అసిస్టెంటు కూడా తట్టబోయి ట్రే గుర్తొచ్చి ఆగింది. అంబులెన్సు మీద అక్షరాలు తిరగేసి ఎందుకు రాస్తారో డాక్టరు గారు మాకు వివరించారు. మేం ముగ్గురం శ్రద్ధగా విన్నాం. అన్నీ తెలిసినవాళ్లమే మరి, వరస తిరగేయాలని తట్టిందిగాని, అంకె కూడా తిరగబడుతుందని నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ స్టిక్కర్ మీద అంకెలు క్యాలిక్యులేటర్ అంకెల్లా పలకలు పలకలుగా ఉన్నాయి. కాయితం మీద అలాగే 5 వేసి అద్దానికి చూపించండి, 2 అయి కూర్చుంటుంది. 2 చూపిస్తే 5. 0, 8 మాత్రం ఏమీ ఎరగనట్టు అలాగే ఉంటాయి. పోనీ వాళ్లకి తెలియదు. ఫిల్ము రోజుల్లో నెగిటివ్ తిరగేసి ప్రింటు కొట్టి, పెళ్లికూతురికి పైట కుడి భుజం మీదకి తెచ్చి, వాళ్ల అమ్మమ్మ చేత వీధంతా వినబడేలా చీవాట్లు తిన్నవాణ్ణి నేను. నాకు తట్టొద్దూ? అద్దంలో రెండు అయిదవడమే నిజమైతే నా రెండు వందల నోటు ఒక్కరోజయినా అయిదు వందలై ఉండాలి. అలాంటి మంచి పన్లు మాత్రం అద్దాలు చెయ్యవు.

"పీకెయ్యనా?" అన్నారు. తలూపాను.

కేబుల్‌ని రెండు వేళ్లతో పట్టుకుని, లాగకుండా, పన్నుని కదిపినట్టు అటూ ఇటూ మెల్లిగా ఊపారు. పక్కదానికీ నాలుగు కుదుపులు తగిలాయి. వచ్చేసింది. "రక్తం కూడా రాలేదు" అన్నారు. కుర్రాడు టేపు కోసి డిస్కుని రుమాల్లో చుట్టుకుని భీమవరం బస్సు ఎక్కాడు.

కంప్యూటర్ పెట్టాను. ఆన్ అయింది. హమ్మయ్య అనుకుని చూస్తే డెస్క్‌టాప్ మీద ఉగాది శుభాకాంక్షల పోస్టర్, సగం చేసి వదిలేసింది. గడియారంలో నిన్నటి తేదీయే ఉంది. తతిమ్మా అంతా ఉగాది. వైశాఖంలో తీసిన ఆచంట పెళ్లి ఫోల్డర్ లేదు. ఫోల్డర్ ఏం ఖర్మ, ఈ డిస్కు లెక్కలో ఆ పెళ్లి ఇంకా జరగనే లేదు. గుంపులోంచి అది జారిపోయిన రోజు దగ్గరే దాని కాలం ఆగిపోయింది. ఖాతాల పుస్తకం తెరిస్తే బాకీ తీర్చినవాళ్లంతా మళ్లీ బాకీ పడి ఉన్నారు. మొత్తం వ్యవహారంలో బాగున్న సంగతి అదొక్కటే.

అప్పుడే పెళ్లికూతురి నాన్నగారి ఫోన్. "ఆదివారం ఆషాఢం సారె బయల్దేరుతోందండి. స్వీట్లు డబ్బాలకెక్కాయి. మీ ఆల్బం ఒక్కటే తక్కువ."

"అయిపోయినట్టేనండి" అన్నాను. బస్సులో వీరవాసరం దాకా వెళ్లిపోయిన పెళ్లి మొత్తాన్ని వెనక్కి తిప్పించిన కథ వేరే రాయాలి. ఓ పాల వ్యాను, ఇద్దరు కండక్టర్లు, ఫోన్ ఎత్తని కుర్రాడు.

టెక్నీషియన్ రాత్రి ఎనిమిదిన్నరకి తడుసుకుంటూ వచ్చాడు. సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఒక్క వరస చూశాడు. 199వ నంబరు, సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే దారిలో చెడిపోయిన డేటా లెక్క. వేలల్లో ఉంది. "ఇది డిస్కు జబ్బు కాదండి, తీగ జబ్బు. కేబుల్ వదులైతే ఈ లెక్క పెరుగుద్ది. డిస్కు శుభ్రంగా ఉంది" అని పాత కేబుల్ పీకి కొత్తది నొక్కాడు. టక్. ఆ టక్కుకి అయిదు వందలు. డాక్టరు గారు ఊపినప్పుడు ఆ వదులుది కాస్త బిగుసుకోబట్టే ఉగాది డిస్కు లేచి కూర్చుందట.

"ఉగాదికి లోపల దుమ్మెవరు దులిపారండి?" అన్నాడు.

నేను కుర్రాడి వంక చూశాను. కుర్రాడు గడియారం వంక చూశాడు.

"క్లిప్పున్న కేబుల్ వేసుంటే ఊడేది కాదండి. నలభై రూపాయలు ఎక్కువ. మీరు బడ్జెట్ అన్నారు కదా అని" అన్నాడు. లక్షన్నర మిషన్‌లో నాకు నలభై మిగిల్చిన మహానుభావుడు. టేపు సంగతి అడిగితే "టేపైతే అదరదండి" అన్నాడు.

మంచి డిస్కు ఒక్కదానితో ముందు ఆన్ చేసి, పెళ్లి ఉందని చూసుకుని, తర్వాత రెండోది తగిలించాడు. తిరగేసి తగిలిస్తే ఉగాది వచ్చి పెళ్లి మీద పరుచుకునేదట. ఈసారి నంబర్లు నేను అద్దం లేకుండా, డిస్కు చేత్తో పట్టుకుని, మూడుసార్లు చదివాను. రీబిల్డ్, అంటే మంచిదాంట్లోది రెండోదాంట్లోకి అచ్చంగా దించడం, మొదలైంది. క్యాబినెట్ మూసి స్క్రూలు బిగించి, 100 శాతం అయ్యేదాకా కదపొద్దు, ఆపొద్దు, తెరవొద్దు అని చెప్పి టెక్నీషియన్ వెళ్లిపోయాడు.

61 శాతం దగ్గర పైనుంచి అసిస్టెంటు వచ్చింది. పొద్దున్నే పేషెంటు ఉన్నాడట, డాక్టరు గారు అద్దం ఇమ్మన్నారట. బల్ల మీద లేదు. సొరుగులో లేదు. కుర్రాడి జేబులో లేదు. ముగ్గురం ఒకేసారి క్యాబినెట్ వంక చూశాం. లోపల ఫ్యాన్ తిరుగుతోంది. ఫ్యాన్ చప్పుడులో ఇంకో చప్పుడు కూడా ఉంది, సన్నగా, స్టీలు గ్లాసుకి చెంచా తగిలినట్టు.

"పేషెంటు ఎన్నింటికమ్మా?" అన్నాను.