చచ్చి బతికిన మార్జ్, మాట పడిపోయిన అపు

2025 మే, జూన్ నెలల్లో మన ఫోన్లలో ఒక కార్టూన్ తల్లి చచ్చిపోయింది. అమెరికా కార్టూన్ సీరియల్ ‘ద సింప్సన్స్’లో నీలం జుట్టును గోపురంలా నిలబెట్టుకునే మార్జ్ సింప్సన్. మా ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు స్క్రీన్ మా ముందు పెట్టి, ‘సార్, ఇది నిజమేనా?’ అని అడిగాడు. ఆ సీరియల్ ఒక్క ఎపిసోడ్ కూడా అతను పూర్తిగా చూడలేదు. నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా చాలామందికి సింప్సన్స్ అంటే కామెడీ కాదు, కాలజ్ఞానం. బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారన్నట్టే, సింప్సన్స్‌లో ముందే చూపించారంటూ రీల్స్ తిరుగుతుంటాయి. ట్రంప్ అధ్యక్షుడైనట్టు 2000లో జోకు వేసిన మాట నిజమే. 800 దరిదాపు ఎపిసోడ్లలో అన్ని రాళ్లు విసిరితే కొన్ని తగలవా? తగలని వాటి లెక్క ఎవరు తీస్తారు!

మార్జ్ చావలేదు. 36వ సీజన్ చివరి ఎపిసోడ్‌లో కథ 35 ఏళ్లు ముందుకు దూకింది. అప్పటికి తల్లి లేదు. పెద్దవాళ్లైన ఆమె పిల్లలు బార్ట్, లీసా ఒకరికొకరు దూరమైపోయారు. ఆమె ముందే రికార్డు చేసి పెట్టిన వీడియో చూశాక అన్నాచెల్లెళ్లు మళ్లీ దగ్గరవుతారు. ఇంటర్నెట్‌లో గోల రేగాక, సీరియల్ నడిపేవారిలో ఒకరైన మ్యాట్ సెల్మన్ ఇందులో ఖాయమైన చరిత్ర అంటూ ఏదీ లేదని సర్దిచెప్పారు.

మా పేచీ అక్కడే. కంటతడి పెట్టించి, ఆనక ఇది లెక్కలోకి రాదంటే విస్తరి వేసి లాగేసుకున్నట్టే. భవిష్యత్తు చూపించడం వాళ్లకు కొత్త కాదు. 1995లో లీసా పెళ్లి ఎపిసోడ్ వచ్చినప్పుడు అది అబ్బురం. ఆ పెళ్లి 2010లో జరుగుతుందని చూపించారు. 2010 వచ్చింది, పోయింది. లీసా ఇంకా రెండో తరగతే చదువుతోంది. అప్పట్లో ఎప్పుడో ఒకసారి దూకేవారు. ఇప్పుడు కథ కదలనప్పుడల్లా దూకుతున్నారు.

బొమ్మలకు వయసు రాకపోవడం తప్పేమీ కాదు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడికి ఎన్నేళ్లని మన పల్లెల్లో ఎవరైనా అడిగారా? అతనూ బంగారక్కా తెర మీదికొస్తే ఏ ఊళ్లో ఆడితే ఆ ఊరి పెద్దమనిషి మీద, ఆ ఏటి కరువు మీద చురక పడేది. బొమ్మ పాతదే, మాట మాత్రం ఆ రాత్రిదే. సింప్సన్స్ కూడా మొదటి పదేళ్లు అలాగే నడిచింది. 1989 డిసెంబరు 17న సీరియల్‌గా మొదలైన ఈ కార్టూన్‌ను, 1999 చివర్లో టైమ్ పత్రిక ఆ శతాబ్దపు ఉత్తమ టీవీ సీరియల్‌గా ఎంచింది. లెక్క ప్రకారం బార్ట్‌కు ఇవాళ 45 దాటాలి. ఇంకా పదేళ్లే, సరే. కానీ గొంతులు మాట వినవు. మార్జ్‌కు గొంతిచ్చే జూలీ కావ్నర్ 1950లో పుట్టారు. కొత్త ఎపిసోడ్లలో మార్జ్ మాట్లాడితే ముప్పై నాలుగైదేళ్ల ముఖంలోంచి నాయనమ్మ గొంతు గరగరలాడుతూ వస్తుంది. బార్ట్ స్నేహితుడు మిల్‌హౌస్‌కు 35 ఏళ్లు గొంతిచ్చిన పమేలా హేడెన్ 2024లో ఆ పని మానుకున్నారు.

అన్నీ నాసిగా ఉన్నాయని మేము అనం. 2024 ఏప్రిల్‌లో లారీ చనిపోయిన ఎపిసోడ్ ఉంది. లారీ ఎవరంటారా? మో బార్‌లో మొదటి సీజన్ నుంచీ స్టూలు మీద కూర్చుని తాగే మనిషి. అతని గురించి ఎవరికీ ఏమీ తెలియదు. పోయాక అస్థికలు పట్టుకుని బయల్దేరిన మార్జ్ భర్త హోమర్, మిగతా స్నేహితులు ఆ సంగతి గ్రహించి సిగ్గుపడతారు. రోజూ ఒకే టీ కొట్టు దగ్గర కలిసే మనిషి ఇంటిపేరు మనలో ఎంతమందికి తెలుసు? ఆ ఎపిసోడ్ బాగుంది. ఎందుకంటే ఆ చావును వెనక్కి తీసుకోలేదు. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన బార్ట్ పుట్టినరోజు ఎపిసోడ్‌లో, కృత్రిమ మేధ రాసిన చివరి భాగమంటూ కథలోని అన్ని చిక్కుముడులూ ఒక్కసారే విప్పేసి, ముగింపుల మీదే జోకు వేశారు. తెలివైన జోకే. కానీ ముగించలేకపోవడాన్నే జోకు చేసుకుంటూ ఎంతకాలం? 2025 ఏప్రిల్‌లో ఇంకో నాలుగు సీజన్లు, అంటే 40వ సీజన్ దాకా పొడిగింపు దొరికింది.

ఇదంతా ఒక ఎత్తు. అపు సంగతి ఒక ఎత్తు.

1990లో వచ్చాడు, దుకాణం నడిపే ఇండియన్. ఆ యాస పెట్టింది హ్యాంక్ అజేరియా అనే తెల్ల నటుడు. అమెరికా బడుల్లో మన పిల్లలను ఆ యాసతో ఏడిపించారని తెలుగు కుటుంబంలో పుట్టిన కమెడియన్ హరి కొండబోలు 2017లో డాక్యుమెంటరీ తీశాడు. 2018లో సీరియల్ ఇచ్చిన జవాబు ఏమిటంటే, అపు ఫొటో పక్కన లీసాను కూర్చోబెట్టి, ఒకప్పుడు మెచ్చుకున్నదే ఇప్పుడు తప్పయిందట, ఏం చేస్తాం అన్నట్టు మాట్లాడించడం. 2020లో అజేరియా తప్పుకున్నాడు, మరుసటి ఏడాది క్షమాపణ కూడా చెప్పాడు. కొత్త గొంతు మాత్రం రాలేదు. నల్లజాతి పాత్రలు కార్ల్‌కూ, డాక్టర్ హిబ్బర్ట్‌కూ నల్లజాతి నటులను వెతికి పెట్టారు. అపును మాత్రం గుంపులో ఒకడిగా, నోరు విప్పని బొమ్మగా నిలబెట్టారు.

యాసకు తప్పుపట్టినవాళ్లు మాట తీసేయమనలేదు. పైగా సింప్సన్స్ కుటుంబం ఉండే ఊళ్లో చదువుకున్నవాళ్లలో అపు ఒకడు, కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేటు. 1996లో వచ్చిన ఎపిసోడ్ చూడండి. ఊరి పన్నులు పెరిగాయని వలస వచ్చినవాళ్ల మీద పడతారు. వాళ్లను పంపించేయాలని ఓటింగ్ పెడతారు. అపు భయపడి దొంగ కాగితాలు కొంటాడు. తర్వాత మనసొప్పక వాటిని వదిలేసి, పౌరసత్వ పరీక్షకు కూర్చుంటాడు. అంతర్యుద్ధానికి కారణమేమిటని అడిగితే లోతుగా వివరించబోతాడు. పరీక్షించే ఆయన అడ్డుపడి, ‘బానిసత్వం అని చెప్పు చాలు’ అంటాడు. ఆ చిన్న సీనులో ఉన్న చురుకు ఈమధ్య సీజన్లలో మేము చూడలేదు.

ఇవాళ కావలి, కందుకూరు, కనిగిరి వైపు ఏ వీధిలో నడిచినా వీసా మాటే. ఎంఎస్ చేస్తూ గ్యాస్ స్టేషన్లో రాత్రి డ్యూటీ చేసే కొడుకు వీడియో కాల్‌లో కనిపిస్తే, వెనక చిప్స్ ప్యాకెట్ల అరలు చూసి ‘అదేం షాపురా?’ అని అడిగే తల్లులు ఉన్నారు. ‘ఫ్రెండ్‌ది అమ్మా’ అనే కొడుకులూ ఉన్నారు. హెచ్-1బీ టెన్షన్‌తో ఇళ్లలో నిద్ర లేని ఈ రోజుల్లో, ముప్పై ఏళ్లుగా కౌంటర్ వెనక నిలబడిన మనిషి చెప్పగలిగింది ఎంతో ఉంటుంది. సరిగ్గా ఈ సమయంలోనే అతను మూగవాడు.

మార్జ్‌ను ఇంకో పదిసార్లు చంపి బతికించుకోండి, మాకేం అభ్యంతరం లేదు. 40వ సీజన్ దాకా టైముంది గనక ఒక్క ఎపిసోడ్ అపుకు ఇవ్వండి, భారతీయ నటుడి గొంతుతో. తెలుగు యాసే కావాలన్న పట్టుదల మాకు లేదు. అతనిది బెంగాల్ వైపు అని వాళ్లే చెప్పారు. రాత్రి కొట్టు కట్టేసే ముందు గల్లా లెక్కపెడుతూ, భార్య మంజులతో ఫోన్లో ఏం మాట్లాడతాడో వినాలనుంది.