కొమ్ములు లెక్కబెట్టి రూటర్ కొనకండి

‘సిమ్ రూటర్ (సిమ్ వేస్తే టవర్ నుంచి నెట్ పట్టి ఇంటికి వైఫై ఇచ్చే డబ్బా) కొనేటోళ్లకు ఆరు బంగారు సూత్రాలు’. ఈ వారం నాకు ఈ మెసేజ్ రావడం తొమ్మిదోసారి. దేవరకొండ బావ పంపిండు, మిర్యాలగూడ మిల్లు దోస్తు పంపిండు, ఆఖరికి మా చిన్నాయన కూడా. ఒక్కొక్కరికి చెప్పే ఓపిక లేదు, ఇక్కడనే రాస్తున్న.

ఒకటి: డబ్బా మీద 300 ఎంబీపీఎస్ అని ఉంటే నెట్ స్పీడు 300 వస్తదట. ఆ 300 రూటర్‌కు, మీ ఫోన్‌కు నడుమ నడిచే వైఫైది. టవర్ లెక్క వేరే. అదే డబ్బా వెనక సన్న అక్షరాల్లో ‘క్యాట్ 4’ (టవర్ నుంచి నెట్ ఎంత స్పీడుగ పట్టగలదో చెప్పే తరగతి) అని ఉంటే కాగితం మీదనే 150 దాటదు. పొద్దుమీకి ఊరంతా ఫోన్లు పట్టుకున్నంక పదిహేనొచ్చినా దండం పెట్టుకోవాలె.

రెండు: కొమ్ములు, అంటే యాంటెన్నాలు, ఎన్నుంటే అంత సిగ్నల్. చాలా వాటిల్లో ఆ కొమ్ములు వైఫైవి. కొమ్ములతోనే సిగ్నలొస్తే మా బర్రెకు ఎప్పుడో 5జీ రావాలె.

మూడు: అమెరికా నుంచి తెప్పిస్తే మేలు. జియో 4జీ నడిచేది 3, 5, 40 నంబర్ల బ్యాండ్ల (టవర్ వాడే రేడియో తరంగాల వరుసలు) మీద. అక్కడి మోడల్‌లో 40 లేకుంటే అది అందమైన డబ్బా, అంతే.

నాలుగోదే నా కడుపు మండించింది: ‘సిగ్నల్ తక్కువుంటే బూస్టర్ బిగించండి.’ చిన్నాయన ఇది చదివి ఆరు వేలు పెట్టి బత్తాయి తోటకాడ బిగించిండు. ఫోన్‌లో గీతలు నిండినయి, తోట కాపలా కెమెరా వీడియో మాత్రం లోడ్ కాక గుండ్రంగ తిరుగుతనే ఉన్నది. ఎందుకుండదు? బూస్టర్ సిగ్నల్‌ను పెంచినట్టే రొదను కూడా పెంచుతది. పైగా అది టవర్ దిక్కు అరుస్తది. బరాత్‌లో డీజే డబ్బా పక్కన నిలబడి మాట్లాడితే ఎవరికి వినబడతది? పక్క చేనోళ్ల కాల్స్ తెగుడు మొదలైంది, వాళ్లేమో కంపెనీని తిట్టుకుంటున్నరు. లైసెన్స్ లేకుండా బూస్టర్ పెట్టుడు మన దేశంలో నేరం. ఈ సంగతి బంగారు సూత్రంలో లేదు, పాపం జాగ చాలలేదేమో.

అసలు రోగం తోటకాడి గది మీది ఇనుప రేకులు, అవి సిగ్నల్‌ను లోపలికి రానియ్యవు. సిగ్నల్ బలం గది లోపల మైనస్ 118 డీబీఎం, బయట నీళ్ల ట్యాంకు మీద మైనస్ 92; సున్నాకు ఎంత దగ్గరుంటే అంత మంచిది. ఫోన్ సెట్టింగ్స్‌లోనే కనబడే అంకె ఇది, పైస ఖర్చు లేదు. కొనాల్సింది టవర్ సిగ్నల్ పట్టే యాంటెన్నా విప్పి వేరేది బిగించుకునే సాకెట్లు రెండున్న రూటర్. బయట పెట్టే యాంటెన్నాను పైపుకు కట్టి టవర్ దిక్కు తిప్పినం. వైరు మాత్రం పొట్టిగ ఉండాలె, పొడుగైతే వచ్చిన సిగ్నల్‌ను అదే తింటది. బూస్టర్ ఇప్పుడు కోళ్ల గూడు మీద బరువుకు పనికొస్తున్నది.

ఐదు: రాత్రి రూటర్ ఆపకుంటే పిల్లలకు చదువు రాదు. ఆపితే వస్తదేమో, రీల్స్ బందయితయి గద.

ఆరు: రూటర్ ఎందుకు, పాత ఫోన్ హాట్‌స్పాట్ చాలు. దీని మీద గట్టిగ రాద్దామని కూసున్న. రాసే ముందు ఇంట్లో మా అమ్మ పాత ఫోన్‌ను, నేను కొన్న క్యాట్ 4 రూటర్‌ను ఒకే కిటికీలో, ఒకే సిమ్‌తో చూసిన. ఫోనే గెలిచింది. మంచి ఫోన్లలో మోడెమ్ (టవర్‌తో మాట్లాడే చిప్) ఈ చౌక రూటర్ల కన్నా నయం. రాత్రింబవళ్లు ఛార్జింగ్‌కు పెడితే మాత్రం బ్యాటరీ ఉబ్బొచ్చు. రోజు డేటా అయిపోయినంక 64 కేబీపీఎస్‌కు పడిపోవుడు ఎట్లయినా తప్పదు, అది ఫోన్‌కైనా రూటర్‌కైనా ఒకటే.